సుంకములేని ప్రత్తి

సోదరీమణులారా! “స్వేచ్ఛా వాణిజ్యపు టొడంబడిక” యను మాట పత్రికలలో తఱచుగా కానవచ్చుచున్నది. అది ఢిల్లీవారి గొడవ, మనకేల యని పుట త్రిప్పివేయువారు పెక్కండ్రు. జగ్గయ్యపేట, నందిగామల నల్లరేగడిలో ప్రత్తి తీయు చేతులు హెచ్చుగా స్త్రీలవే. కావున ఆ పుట మనము చదువవలసినదే. (2022 నుండి ఆ సీమ ఎన్‌.టి.ఆర్‌. జిల్లా యైనను మెట్ట మెట్టయే.)

ఒడంబడిక యనగా సుంకము లన్నియు నెత్తివేయుట కాదు. అదియొక పట్టిక. ఏ సరకుపై సుంకము పోవును, ఎన్నియేండ్లకు పోవును, దేనిపై పోనేపోదు, అంతయు నందు వ్రాసియుండును. 2022 డిసెంబరు 29న అమలులోనికి వచ్చిన ఆస్ట్రేలియా యొడంబడికలో పాలకు, గోధుమలకు మనవారు సుంకము సడలింపలేదు. ప్రత్తిని మాత్రము ఏటా 51,000 టన్నులవఱకు సుంకములేక రానిచ్చిరి. మనదేశపు పంటలో నది నూటికొక వంతు. దీనికి బెదరనక్కఱలేదు.

బెదరవలసినది వేఱొకటి. ప్రత్తి దిగుమతిపై 2021లో విధించిన 11 శాతము సుంకమును 2025 ఆగస్టు 19న ప్రభుత్వము తాత్కాలికముగా నెత్తివేసి, ఆ గడువును డిసెంబరు 31 వఱకు పొడిగించెను. ఏ యొడంబడికయు దీనిని కోరలేదు. అమెరికా మన సరకులపై సుంకము పెంచిన తరుణమున మిల్లులకు దూది చౌకగా దొరకవలెనని చేసిరి. మెట్టలో ప్రత్తి ఇల్లు చేరునది ఆ నెలలలోనే గదా! పొడవు పింజకు క్వింటాలు 8,110 రూపాయలని మద్దతుధర ప్రకటించిరి. కాని తేమ 12 శాతము మించినచో కాటన్‌ కార్పొరేషన్‌వారు కొనరు. వానలో తడిసిన ప్రత్తిని ఆరబోయుటకు రెండుగదుల యింట తావెక్కడిది? వర్తకుడు చెప్పినదే ధర యగును.

2025 జూలై 24న బ్రిటనుతో సంతకమైన యొడంబడికచే మన కుట్టుదుస్తులపై నచ్చటి సుంకము పోవలెను. బంగ్లాదేశపు దుస్తులకు ముందే ఆ వెసులుబాటుండుటచే మనవి వెనుకబడెను. ఇది మేలే, కుట్టుపని నేర్చిన యువతులకు జీతములు దొరకును. అయితే మిల్లువాని లాభము చేనివఱకు దిగివచ్చు త్రోవ ఏ పట్టికలోను లేదు.

1882లో తెల్లదొరలు స్వేచ్ఛా వాణిజ్యము పేరుతో మాంచెస్టరు బట్టపై సుంకమెత్తివేసినప్పుడు మన సమ్మతి నడిగినవారు లేరు. నేడు సంతకము మనదే. అక్టోబరు మొదలు జనవరి వఱకు, ప్రత్తి చేతికి వచ్చు నాలుగు నెలలును, దిగుమతి సుంకమును ముట్టరాదని యొక నియమముండవలెనని మా కోరిక. మీ యూరికి ఓట్లడుగ వచ్చువారిని ఈ మాట యడిగి చూడుడు.