కులము లెక్క, నూజివీడు ఓటు

రానున్న జనగణనలో కులమును కూడ నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వము 2025 ఏప్రిల్ 30న నిర్ణయించినది. కులముల లెక్క తేలినచో ఓటు ఎటు పోవునో కూడ తేలునని ఆశపడువారు కలరు. ఈ ఆశకు ఆంధ్రదేశమున పాతకథ యొకటి యున్నది.

1951 నుండి 1954 వరకు ఢిల్లీలో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరిగా నుండిన సెలిగ్ హారిసన్ అను అమెరికన్, 1956లో కులమును గూర్చి, ఆంధ్ర కమ్యూనిస్టులను గూర్చి తమ దేశపు రాజనీతిశాస్త్ర పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. డెల్టాలో కమ్యూనిస్టు నాయకత్వము కమ్మ రైతుకుటుంబముల నుండి వచ్చినదనియు, కాంగ్రెసులో రెడ్ల ప్రాబల్యము హెచ్చనియు, ఈ రెండు భూవసతిగల కులముల పోటీయే ఎర్రజెండాకు బలమిచ్చినదనియు ఆయన వాదము. వర్గము తప్ప వేరుమాట వినబడని కాలమున అట్లు వ్రాయుట సాహసమే. రాజకీయ సమాజశాస్త్రమున ఆ వ్యాసము నేటికిని చర్చకు వచ్చుచున్నది.

అయినను ఆ తూకపురాయి అన్నిచోట్లకు చాలదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పుట్టుకచే రెడ్డి, కులనామమును వదలుకొన్నవారు. 1955 ఎన్నికలలో 196 స్థానములకుగాను కమ్యూనిస్టులకు దక్కినవి 15. ఓట్లు మాత్రము నూటికి సుమారు 31. ప్రత్యర్థులు ఏకమగుటచే స్థానములు పోయినవి కాని, ఓటర్లు పోలేదు. కెరొలిన్ ఇలియట్ అను విదుషి 1970లో రెడ్లను, కమ్మవారిని గూర్చి వ్రాయుచు, ఒక్కొక్క కులములోనే యున్న ముఠాలను పరిశీలించినది. కులము ఒక్క తాటిపై నడచునను భ్రమకు అది మంచి విరుగుడు.

డెల్టాను ఆనుకొనియున్న మెట్టలో, రసాలకు పేరుపడిన నూజివీడు సంగతి ఇంకను విచిత్రము. అచ్చటి జమీందారులు వెలమలు. సంఖ్యాబలము వారిది కాదు. 1948 చట్టముతో జమీందారీలు రద్దయినవి. అయినను ఆ వంశమునకు చెందిన ఎం.ఆర్. అప్పారావుగారు పలుమార్లు శాసనసభకు ఎన్నికైరి. మేకా వెంకటప్రతాప్ అప్పారావుగారు 2014, 2019లలో గెలిచిరి. 2024లో ఆయనను ఓడించి, వెనుకబడిన తరగతులకు చెందిన కొలుసు పార్థసారథిగారు గెలిచిరి. ఈ ఐదేండ్లలో నియోజకవర్గమున కులముల సంఖ్యలేమియు తలక్రిందులు కాలేదు.

పూతమీదనే తోటను అమ్ముకొను రైతు, దానిని కొను వ్యాపారి, కాయకోతకు పోవు కూలి - ముగ్గురిది ఒకే కులము కావచ్చును. ధర పడిపోయిన యేట ఆ ముగ్గురికి కలుగు కష్టము ఒకటి కాదు. జనగణనకు వచ్చిన ఉపాధ్యాయుడు వారిని ఒకే కులముక్రింద వ్రాసికొని తరువాతి ఇంటికి పోవును.