ప్రశ్న వేసిన నోరే జవాబు చెప్పవలసిన వేళ

ఇషా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మన ఇళ్లలో టీవీ ముందు ఒక చిన్న సభ కొలువుతీరి ఉంటుంది. తెర మీద ఎవరో ఒక పాత్రికేయుడు అధికార పక్షం ప్రతినిధిని నిలదీస్తుంటాడు. ఇంటి పెద్ద 'శభాష్, బాగా అడిగాడు' అంటాడు. పక్కనే కూర్చున్న పిల్లవాడు 'ఇలాంటివాడే ముఖ్యమంత్రి కావాలి అబ్బా' అంటాడు. మనం నవ్వి ఊరుకుంటాం. గుజరాత్‌లో ఒక పార్టీ మాత్రం ఊరుకోలేదు. అలాంటి పాత్రికేయుణ్ణే తీసుకువచ్చి ముఖ్యమంత్రి అభ్యర్థిగా నిలబెట్టింది, ఆ తరువాత రాష్ట్ర శాఖ పగ్గాలు కూడా ఆయన చేతికే ఇచ్చింది. ఆయన పేరు ఇసుదాన్ గఢ్వీ. ఈ కథలో మనం నేర్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

గఢ్వీ 1982లో ద్వారకా ప్రాంతంలోని ఖంభాలియా తాలూకాలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. గఢ్వీలంటే చారణులు. పూర్వం రాజాస్థానాలలో కవిత్వం చెప్పి, వంశచరిత్రలు గానం చేసినవారు. మన భట్రాజుల వంటివారని చెప్పుకోవచ్చు. సంఖ్యాబలం తక్కువైన ఈ వర్గం వెనుకబడిన తరగతుల జాబితాలో ఉంది. గాంధీజీ స్థాపించిన గుజరాత్ విద్యాపీఠ్‌లో పాత్రికేయ విద్య చదివిన గఢ్వీ దూరదర్శన్‌లో పనిచేశారు. అప్పట్లో మన హైదరాబాద్‌కు చెందిన ఈనాడు సంస్థ నడిపిన ఈటీవీ గుజరాతీకి పోర్‌బందర్ ప్రాంత విలేకరిగా ఉన్నారు. 2015లో వీటీవీ గుజరాతీ చానెల్ సంపాదకుడయ్యారు. ప్రతి రాత్రీ ఆయన నడిపిన 'మహామంథన్' అనే చర్చా కార్యక్రమం పల్లెటూళ్లలో కూడా పేరు తెచ్చుకుంది. పంటల బీమా, కరెంటు కోతలు, ఉద్యోగ పరీక్షలలో అక్రమాలు, ఇవే అందులో ప్రధాన విషయాలు. రైతులు మాట్లాడే గుజరాతీలోనే ఆయన మాట్లాడేవారు.

2021 జూన్‌లో ఆ ఉద్యోగం వదులుకుని, కేజ్రీవాల్ సమక్షంలో అహ్మదాబాద్‌లో ఆమ్ ఆద్మీ పార్టీలో చేరారు. విలేకరి సమస్యను చూపగలడు గాని తీర్చలేడు, తీర్చే అధికారం రాజకీయాలలోనే ఉంది అన్నది ఆయన చెప్పిన కారణాల సారాంశం. ఇది తేలికగా కొట్టిపారేయవలసిన మాట కాదు. ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న వేసి, ఒకే జవాబు విని విసిగిపోయిన మనిషికి ఈ ఆలోచన రావడం సహజం.

పార్టీ లెక్క కూడా గమనించాలి. మధ్యలో కొద్దికాలం మినహా 1995 నుంచి గుజరాత్‌లో భారతీయ జనతా పార్టీదే అధికారం. 2021 ఫిబ్రవరిలో సూరత్ నగరపాలక సంస్థలోని 120 స్థానాలలో 27 గెలుచుకోవడంతో ఆమ్ ఆద్మీకి ఆ రాష్ట్రంలో ఆశ పుట్టింది. కానీ జిల్లాలలో నాయకులు లేరు, గ్రామాలలో కమిటీలు లేవు. పార్టీ యంత్రాంగం నిర్మించాలంటే పదేళ్లు పడుతుంది. ప్రతి ఇంటికీ ముందే తెలిసిన ముఖం దొరికితే ఆ పదేళ్లూ కలిసివస్తాయని పెద్దలు భావించినట్టుంది. 2022 నవంబర్ 4న కేజ్రీవాల్ ఒక ప్రకటన చేశారు. ఫోన్లు, సందేశాల ద్వారా 16 లక్షలకు పైగా అభిప్రాయాలు వచ్చాయని, వాటిలో 73 శాతం గఢ్వీనే ముఖ్యమంత్రి అభ్యర్థిగా కోరాయని చెప్పారు.

ఆ తరువాత నెల అసలు లెక్క తేలింది. 2022 డిసెంబర్ 8న ఫలితాలు వచ్చినప్పుడు 182 స్థానాలలో బీజేపీకి 156, కాంగ్రెస్‌కు 17, ఆమ్ ఆద్మీకి 5 దక్కాయి. ముఖ్యమంత్రి అభ్యర్థి తన సొంత గడ్డ ఖంభాలియాలోనే 18,745 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

మరి ఆ ప్రేక్షకులంతా ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. ప్రేక్షకుడు వేరు, ఓటరు వేరు. టీవీ చూసేవాడు రాష్ట్రమంతటా చెదిరి ఉంటాడు. ఓటరు ఒక బూత్‌లో, ఒక వీధిలో, ఒక బిరాదరీలో ఉంటాడు. రేషన్ కార్డు పని ఎవరు చేసిపెట్టారు, పాల సంఘంలో ఎవరి మాట చెల్లుతుంది, ఆపద వేళ ఎవరు తలుపు తట్టారు అన్నవే అక్కడ లెక్కకు వస్తాయి. ఖంభాలియాలో అహీర్ల ప్రాబల్యం ఎక్కువ. గెలిచిన బీజేపీ అభ్యర్థి ములూభాయ్ బేరా, మూడో స్థానంలో నిలిచిన కాంగ్రెస్ అభ్యర్థి విక్రమ్ మాడమ్ ఇద్దరూ అహీర్లే. గఢ్వీ వర్గం వారు అక్కడ కొద్దిమందే.

ఇంకొక లెక్క కూడా చూడండి. బేరాకు 77,834 ఓట్లు వచ్చాయి. గఢ్వీకి 59,089, మాడమ్‌కు 44,715 వచ్చాయి. ఓడిన ఇద్దరి ఓట్లూ కలిపితే 1,03,804. ఈ ఓట్లన్నీ ఒకేచోట పడేవని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా ఓటు చీలిక అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇదే తాలూకాలో సలాయా అనే రేవు పట్టణం ఉంది. అక్కడి జనాభాలో ముస్లింలే ఎక్కువ. 2025 ఫిబ్రవరి పురపాలక ఎన్నికలలో ఆ పట్టణంలోని 28 స్థానాలలో కాంగ్రెస్ 15, ఆమ్ ఆద్మీ 13 పంచుకున్నాయి. బీజేపీ లేని చోట ఈ పోటీ ఆరోగ్యకరమే. బీజేపీ బలంగా ఉన్న చోట ఇదే పోటీ ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

ఆ ఎన్నికలలో గఢ్వీ పార్టీకి ఒక ఫలం మాత్రం దక్కింది. దాదాపు 13 శాతం ఓట్లు రావడంతో గుజరాత్‌లో గుర్తింపు లభించింది. దాని ఆసరాతో 2023 ఏప్రిల్‌లో ఆమ్ ఆద్మీకి జాతీయ పార్టీ హోదా వచ్చింది. అంతకు ముందే, 2023 జనవరిలో, గోపాల్ ఇటాలియా స్థానంలో గఢ్వీని రాష్ట్ర అధ్యక్షుడిగా నియమించారు.

ఇక్కడినుంచి పరీక్ష మారిపోయింది. చర్చ నడపడం గంట పని, పార్టీ నడపడం రోజంతా పని. స్టూడియోలో అతిథిని మాట్లాడనివ్వకుండా ఆపవచ్చు. పార్టీలో అలిగినవాణ్ణి రాత్రంతా కూర్చుని బుజ్జగించాలి. గెలిచిన అయిదుగురిలో విసావదర్ ఎమ్మెల్యే భూపత్ భాయాణీ 2023 డిసెంబర్‌లోనే రాజీనామా చేసి, తరువాత బీజేపీలో చేరిపోయారు. 2024 లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెస్‌తో పొత్తు కుదిరి భరూచ్, భావ్‌నగర్ స్థానాలు ఆమ్ ఆద్మీకి వచ్చాయి. భరూచ్ అంటే దివంగత అహ్మద్ పటేల్ స్వస్థలం. ఆ స్థానాన్ని వదులుకోవడం ఆయన సంతానానికి రుచించలేదు, ఆ బాధను వారు దాచుకోలేదు. చివరికి రెండు స్థానాలూ బీజేపీకే దక్కాయి.

2025 జూన్‌లో విసావదర్ ఉప ఎన్నికలో మాత్రం ఆమ్ ఆద్మీ 17,554 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. గెలిచినది గోపాల్ ఇటాలియా. ఒకప్పుడు పోలీసు కానిస్టేబుల్, తరువాత రెవెన్యూ గుమాస్తా. పోలింగుకు మూడు నెలల ముందే ఆయన పేరు ప్రకటించారు. ఊరూరా తిరగడానికి సమయం చిక్కింది. ముఖం తలుపు తెరిపించగలదు గాని లోపల కూర్చోబెట్టేది కాళ్లు అరిగేలా తిరగడమే అని ఈ ఫలితం చెబుతోంది.

ఇక మనసులో మెదిలే అసలు ప్రశ్నకు వద్దాం. 2022 ఆగస్టు 15న బిల్కిస్ బానో కేసులో శిక్ష అనుభవిస్తున్న 11 మందిని గుజరాత్ ప్రభుత్వం విడుదల చేసింది. అప్పటికే ఎన్నికల వేడి మొదలైంది. ఆమ్ ఆద్మీ పెద్దలు బడులు, ఆసుపత్రులు, కరెంటు గురించే మాట్లాడారు గాని ఈ విషయంలో గొంతు విప్పలేదన్న విమర్శ దేశమంతటా వచ్చింది. పైగా ఆ అక్టోబర్‌లో కరెన్సీ నోట్ల మీద లక్ష్మీ గణేశుల బొమ్మలు వేయాలని కేజ్రీవాల్ కోరారు. ఆ విడుదల చెల్లదని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయం నిలబడింది, కానీ దానికోసం నోరు విప్పవలసినప్పుడు విప్పినవారు ఎవరో చరిత్రలో నమోదైపోయింది.

ఆ పార్టీ సానుభూతిపరులు ఒక వాదన చెబుతారు. మతం చుట్టూ చర్చ తిరిగితే బీజేపీకే లాభం, బడి, వైద్యం అందరికీ కావాలి కదా అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కాని 2011 జనగణన ప్రకారం గుజరాత్‌లో ముస్లింలు దాదాపు 10 శాతం. 2022లో ఎన్నికైన 182 మందిలో ముస్లిం ఒక్కరే, జమాల్‌పూర్ ఖాడియా నుంచి కాంగ్రెస్ తరఫున ఇమ్రాన్ ఖేడావాలా. సభలో గొంతు ఇంత సన్నగిల్లినప్పుడు బయట నిలబడి మాట్లాడేవాడు మరింత అవసరం. ప్రశ్నించడమే వృత్తిగా బతికినవాడు నాయకుడైన పార్టీ నుంచి ఆ మాత్రం ఆశించడం అత్యాశ కాదు. అడగడం వల్ల నష్టం లేని ప్రశ్న ఎవరైనా అడుగుతారు. నష్టం ఉందని తెలిసి అడిగినప్పుడే ఆ నోటికి విలువ.

ఈ దారి గుజరాత్‌కే పరిమితం కాదు. మన తెలంగాణలోనూ వీ6 చానెల్ 'తీన్మార్' కార్యక్రమంతో పేరు పొందిన చింతపండు నవీన్, అంటే తీన్మార్ మల్లన్న, 2024లో కాంగ్రెస్ తరఫున పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలికి ఎన్నికయ్యారు. 2025 మార్చిలో ఆ పార్టీ సస్పెండ్ చేయగా, అదే ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ రాజ్యాధికార పార్టీ స్థాపించారు. కాబట్టి టీవీలో చూసిన ముఖం రేపు మన వాకిట్లోకి ఓటు అడగడానికి రావచ్చు. దానికి మనం ఇప్పుడే సిద్ధపడాలి.

ఉర్దూలో 'సాయిల్' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ప్రశ్న అడిగేవాడూ సాయిలే, చేయి చాచి అర్థించేవాడూ సాయిలే. పాత్రికేయుడు మొదటి అర్థంలో సాయిల్. రాజకీయాలలోకి వచ్చిన రోజునుంచి రెండో అర్థంలో కూడా సాయిల్. ఓటు కోసం అర్థించేవాడు అంతకుముందు అడిగిన ప్రశ్నలు మరచిపోతే ఆ మాటలో సగమే మిగులుతుంది.

అలాంటి అభ్యర్థి మన గడప తొక్కినప్పుడు ఆటోగ్రాఫ్ అడగవద్దు, సెల్ఫీ కోసం ఎగబడవద్దు. మూడు సంగతులు నెమ్మదిగా అడగండి. తెర మీద ఇతరులను నిలదీసిన విషయాలలో మీ పార్టీ నడవడి ఏమిటి? ఈ నియోజకవర్గంలో మీకు ఎంతకాలంగా పరిచయం? ఓట్లు పోతాయని తెలిసినా మా కోసం నోరు విప్పుతారా? ఓటు ఒక షహాదత్ అని, అంటే సాక్ష్యమని, మన ఉలమాలలో పలువురు బోధించారు. సాక్షి అభిమానంతో మాట్లాడడు, చూసినది చెబుతాడు.

గుజరాత్ శాసనసభకు మళ్లీ ఎన్నికలు 2027 చివరలో జరగవలసి ఉన్నాయి. అప్పుడు కూడా ఒక పాత పాత్రికేయుడి పనితనాన్ని జనం తూకం వేస్తారు. ఈలోగా రాత్రి టీవీ ముందు కూర్చున్న మన పిల్లవాడు 'ఇలాంటివాడే నాయకుడు కావాలి' అన్నప్పుడు నవ్వి ఊరుకోకుండా ఒక మాట చెబుదాం. బేటా, బాగా అడగడం ఒక విద్య. అడిగించుకుని నిలబడడం అంతకంటే పెద్ద విద్య.