వేసవి రాత్రుల ఉక్కపోత: కోళ్ల గూటికి అందని ఊరట

వేసవి తీవ్రతను పగటి ఉష్ణోగ్రతతో కొలవడానికి మనం అలవాటు పడ్డాం. ఏ ఊరిలో ఎన్ని డిగ్రీలు నమోదయ్యాయన్నదే ప్రతిరోజూ వార్త. కోళ్ల పెంపకందారుకు మాత్రం అసలు పరీక్ష పొద్దు వాలిన తర్వాతే మొదలవుతుంది. పగలంతా ఎండ ధాటికి రొప్పిన కోడి, రాత్రి చల్లబడితే మరునాటికి కోలుకుంటుంది. రాత్రి కూడా వేడి తగ్గకపోతే, ముందురోజు భారం తీరకుండానే మరో మండుటెండను ఎదుర్కోవలసి వస్తుంది. ఇలా రెండు మూడు రోజులు గడిస్తే, బలమైన పక్షి సైతం కూలిపోతుంది.

ఇది కొద్దిమందికి పరిమితమైన సమస్య కాదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల సంఖ్య 85 కోట్లకు పైమాటే. వాటిలో 31 కోట్లకు మించి పెరటి పక్షులు. 2023-24లో దేశంలో ఉత్పత్తి అయిన 14,277 కోట్ల గుడ్లలో ఆంధ్రప్రదేశ్ వాటా 17.85 శాతం, తెలంగాణ వాటా 12.88 శాతం. అంటే దేశంలోని ప్రతి పది గుడ్లలో మూడు తెలుగు రాష్ట్రాలవే. వడగాడ్పులు ఎక్కువగా వీచే ప్రాంతాల్లో ఈ రెండు రాష్ట్రాలూ ఉన్నాయన్నది గమనార్హం.

చెమట పట్టని పక్షి

కోడికి స్వేద గ్రంథులు లేవు. దాని సహజ శరీర ఉష్ణోగ్రతే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. ఒంటినిండా ఈకల కప్పు. చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉన్నంతవరకు తమ్మెలు, తురాయి, కాళ్లు, రెక్కల అడుగుభాగం ద్వారా వేడిని వదులుకుంటుంది. గాలి వేడెక్కాక దానికి మిగిలే మార్గం ఒక్కటే. నోరు తెరచి రొప్పుతూ, శ్వాసతోపాటు తేమను బయటికి పంపడం.

ఆ రొప్పుకు మూల్యం ఉంది. శ్వాస వేగం పెరిగేకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అవసరానికి మించి బయటికి పోతుంది. గుడ్డు పెంకు ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. రక్తంలో ఆ సమతుల్యత దెబ్బతింటే పెంకు పలుచబడుతుంది. ఇక్కడే రాత్రికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. గుడ్డు చుట్టూ పెంకు ఏర్పడడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం చీకటి వేళల్లోనే జరుగుతుంది. ఉదయం ట్రేలో చిట్లిన గుడ్లు ఎక్కువగా కనిపిస్తే, అది గడచిన రాత్రి కోడి పడిన యాతనకు గుర్తు. మరణాలు వార్తలకెక్కుతాయి. పగిలిన గుడ్ల నష్టం మాత్రం రైతు ఖాతాలోనే ఉండిపోతుంది.

షెడ్డు దాచుకున్న వేడి

రాత్రి షెడ్డులోని వేడి రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, పగలంతా ఎండకు కాగిన పైకప్పు, గోడలు. రెండోది కోళ్లే. గుడ్లు పెట్టే కోడి ఒక్కొక్కటి సుమారు 10 వాట్ల వేడిని వెలువరిస్తుంది. ఐదు వేల కోళ్లున్న షెడ్డులో, వెయ్యి వాట్ల హీటర్లు 50 నిర్విరామంగా వెలుగుతున్నట్టే లెక్క. ఆ వేడి గాలికి కొట్టుకుపోవాలి. లేదంటే బయట 30 డిగ్రీలున్నప్పుడు లోపల అంతకు మించి ఉంటుంది.

అందుకే రాత్రి చల్లదనానికి ఏర్పాట్లు సాయంత్రమే మొదలుకావాలి. పైకప్పుకు సున్నం పూయడం, తాటాకు లేదా వరిగడ్డి పరచడం పగటి వేడిని అడ్డుకుంటాయి. పొద్దు వాలేముందు కప్పుపై నీళ్లు చల్లితే, దాచుకున్న వేడి చాలావరకు చీకటి పడకముందే తగ్గుతుంది. పగలు వడగాలికి అడ్డుగా కట్టిన గోనె పట్టాలను రాత్రి పైకి చుట్టివేయాలి. చాలా షెడ్లలో ఈ చిన్న పనే మరచిపోతుంటారు. నేలపై పెంచే కోళ్లకు ఊక మందం తగ్గించాలి, వేసవి బ్యాచ్‌లో పక్షుల సంఖ్యా తగ్గించాలి.

మేత వేళలూ ముఖ్యమే. మేత అరిగేటప్పుడు శరీరంలో పుట్టే వేడి కొన్ని గంటలపాటు కొనసాగుతుంది. మధ్యాహ్నం మేత తొలగించి, తెల్లవారుజామున చల్లటి వేళలో అందించాలన్న నిపుణుల సూచన వెనుక కారణం ఇదే. చీకట్లో కోడి నీరు అంతగా తాగదు. రాత్రంతా రొప్పి తేమ కోల్పోయిన పక్షికి వేకువన అందే మొదటి గుక్క చల్లగా ఉండాలి. ఎండలో ఉన్న ట్యాంకు నుంచి, కాగిన పైపుల గుండా వచ్చే నీరు ఆ పని చేయదు.

తీరం వేరు, మైదానం వేరు

ఒకే సలహా అన్ని జిల్లాలకూ వర్తించదు. తెలంగాణ, రాయలసీమ మైదానాల్లో పగటి గాలి పొడిగా ఉంటుంది కనుక ఫాగర్లు చిమ్మే నీటి తుంపరలు త్వరగా ఆవిరై చల్లదనాన్నిస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పరిస్థితి భిన్నం. అక్కడ రాత్రి గాలిలో తేమ నిండుగా ఉంటుంది. అలాంటప్పుడు ఫాగర్లు నడిపితే గాలి మరింత బరువెక్కుతుంది. కోడి రొప్పినా తేమ ఆవిరి కాదు. అక్కడ రాత్రివేళ అవసరం నీరు కాదు, గాలి. అంటే ఫ్యాన్లు, వాటికి అంతరాయం లేని విద్యుత్తు. పూర్తిగా మూసి ఉంచి, ఫ్యాన్లతో నడిచే ఆధునిక షెడ్లలో కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయిస్తే కొద్దిసేపట్లోనే పెనునష్టం జరుగుతుంది.

పెరటి గూడు సందిగ్ధం

పది పదిహేను కోళ్లు పెంచుకునే గ్రామీణ మహిళ సమస్య మరొకటి. చీకటి పడగానే పిల్లి, ముంగిస, పాముల భయంతో కోళ్లను గంప కింద మూసి, పైన బరువు పెడతారు. లేదంటే ఇటుకల గూటిలోకి తోలి తలుపు బిగిస్తారు. శత్రువు నుంచి కాపాడే ఆ మూతే ఉక్కపోతకు కారణమవుతుంది. మూత తీస్తే పిల్లి, వేస్తే వేడి.

ఈ చిక్కుకు పరిష్కారం ఖరీదైనది కాదు. గూటికి ఎదురెదురుగా రెండు వైపులా సన్నకన్నుల ఇనుప జాలి బిగిస్తే గాలి ఆడుతుంది, భద్రతా ఉంటుంది. గూటిని నేల నుంచి రెండడుగుల ఎత్తున, చెట్టు నీడన నిలపడం మేలు. ఒకే గంప కింద కుక్కకుండా రెండింటిలో సర్దడం, లోపల మట్టిమూకుడులో నీరుంచడం ఎవరికైనా సాధ్యమే. పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచే వచ్చాయి. కోడిపిల్లల పంపిణీతో పాటు, వేసవికి తగిన గూటి నమూనాను కూడా లబ్ధిదారులకు చూపించడం అవసరం.

లెక్కలోకి రాని రాత్రి

హెచ్చరికల విషయానికి వద్దాం. భారత వాతావరణ విభాగం ‘వెచ్చని రాత్రి’ని ప్రత్యేకంగా గుర్తిస్తోంది. కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు అధికంగా ఉంటే ఆ వర్గీకరణ వర్తిస్తుంది. అయితే గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు లేదా అంతకు మించి ఉన్నప్పుడే దాన్ని పరిగణిస్తారు. పగలు 37, 38 డిగ్రీలుండి, రాత్రంతా ఊపిరాడని ఉక్కపోత ఉండే తీరప్రాంతం ఈ కొలమానంలో ఇమడదు. కోళ్ల ఫారాలు దట్టంగా ఉన్న గోదావరి జిల్లాలకు ఇది చిన్న విషయం కాదు.

నష్టపరిహారంలోనూ ఇలాంటి వెలితే ఉంది. 2022-26 కాలానికి కేంద్రం నిర్దేశించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం, ప్రకటిత ప్రకృతి విపత్తులో కోడి మరణిస్తే పక్షికి 100 రూపాయల చొప్పున, కుటుంబానికి 10,000 రూపాయలకు మించకుండా సాయం అందుతుంది. ఆ కాలపు జాతీయ జాబితాలోని 12 విపత్తుల్లో శీతల గాలులకు చోటుంది, వడగాడ్పులకు లేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం వరకు స్థానిక విపత్తులకు వినియోగించుకునే వెసులుబాటు ఉంది. తెలంగాణ 2025లో వడగాడ్పులను రాష్ట్రస్థాయి విపత్తుగా ప్రకటించింది. మనుషుల ప్రాణాలకు ప్రథమ ప్రాధాన్యం దక్కడం సముచితమే. అదే వేడికి జీవనాధారం కోల్పోయిన చిన్న రైతు గురించి కూడా ఆలోచించాల్సిన సమయం వచ్చింది.

జిల్లాలవారీ వాతావరణ సూచనల్లో రాత్రి ఉష్ణోగ్రతను, తేమను కలిపి చెప్పాలి. పశుసంవర్ధక శాఖ సలహాలు మార్చి నాటికే గ్రామాలకు చేరాలి. కోళ్ల ఫారాలున్న ఫీడర్లకు రాత్రివేళ కోతలు లేకుండా చూడాలి. వీటిలో ఏదీ భారీ వ్యయంతో కూడినది కాదు. సాయంత్రం కప్పుపై నాలుగు బిందెల నీళ్లు చల్లి, పట్టాలు పైకి చుట్టే రైతుకు రాత్రి సంగతి ఎప్పుడో తెలుసు. మన హెచ్చరికలు, నిబంధనలు కూడా ఆ రాత్రిని లెక్కలోకి తీసుకోవాలి.