సగం కట్టిన ఓడకు టికెట్టు

పూర్తికాని ఆటను డబ్బు తీసుకుని అమ్మవచ్చునా?

పరీక్షలూ ప్లేస్‌మెంట్లూ వదిలేసి ఈ ఆటల గోలేమిటని మా లెక్చరర్లలో ఒకరిద్దరు నవ్వుకోవచ్చు. నవ్వనివ్వండి. రాత్రిళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని సొంతంగా ఆటలు తయారుచేస్తున్నవాళ్ళు మన కళాశాలలో ఉన్నారు. ఇసకతోటలో గది అద్దెకు తీసుకున్న నలుగురిలో నేనొకణ్ణి. వచ్చే వేసవిలోగా మేము తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

ముందొక మాట. 'గేమ్ చేస్తున్నాం' అనగానే మా ఇళ్ళల్లో ఆన్‌లైన్ రమ్మీ అనుకుని కంగారుపడ్డారు. అటువంటి పందేల ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటిపైనా 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మాది ఆ బాపతు కాదు మహాప్రభో! కథ, బొమ్మ, సంగీతం, లెక్క కలిసిన వస్తువు మాది. సినిమా వంటిదే, కాకపోతే స్టీరింగు ప్రేక్షకుడి చేతిలో ఉంటుంది. హైదరాబాదులోని ఓగ్రె హెడ్ స్టూడియో అనే చిన్న బృందం మన పురాణాల వాసన ఉన్న 'అసుర' అనే ఆటను 2017లో విడుదల చేసింది. పూణేవాళ్ళు 'రాజీ' అనే ఆటకు ముందుగా చందాలు కోరితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా 2020లో బయటికి తెచ్చారు. కాబట్టి మనదేశంలో జరగని పనేం కాదిది.

ఇక అసలు సంగతి. కంప్యూటర్ ఆటలు అమ్మే దుకాణాల్లో పెద్దది స్టీమ్. అందులో 2013 నుంచి 'ఎర్లీ యాక్సెస్' అనే పద్ధతి నడుస్తోంది. ఆట సగంలో ఉండగానే అమ్మకానికి పెట్టవచ్చు. కొన్నవాళ్ళు ఆడి, తప్పులు చెబుతారు. తయారీదారులు ఆ డబ్బుతో మిగతాది పూర్తిచేసి, ఒకరోజున '1.0' అని ప్రకటిస్తారు. అంతకు ముందే మైన్‌క్రాఫ్ట్ ఈ దారిన నడిచింది. 2009లోనే అమ్మకం మొదలుపెట్టి, పూర్తి విడుదల 2011 నవంబరులో చేశారు. ఆ రెండేళ్ళలో కొన్న జనమే దాన్ని పెంచి పెద్దచేశారు.

మా ఆటలో ఒక తెప్ప ఉంటుంది. ఫిషింగ్ హార్బరు నుంచి బయల్దేరి, గాలివాటం చూసుకుని, డాల్ఫిన్ నోస్ గుర్తుపట్టుకుంటూ తిరిగి రావాలి. మూడు భాగాలు అనుకున్నాం. హార్బరు, భీమిలి దారి, తుఫాను సముద్రం. మొదటిదొక్కటే సిద్ధంగా ఉంది. మా బొమ్మల మిత్రుడు రంగురంగుల 'రోడ్ మ్యాప్' ఒకటి గీసి గోడకు అంటించాడు. జనవరిలో భీమిలి, మార్చిలో తుఫాను, జూన్‌లో ఇద్దరు కలిసి ఆడే ఏర్పాటు, ఆగస్టులో పూర్తి విడుదల! "బాగుందిరా, మరి ఇవన్నీ రాసేదెవరు?" అన్నాను. "నువ్వే కదేటి" అన్నాడు.

నాకు తోచేది ఒక్కటే. పూర్తికానిది అమ్మడంలో తప్పులేదు. కాని కొనేవాడికి ఇవాళ చేతికొచ్చేది ఏమిటో ముందు చెప్పాలి. తరువాత రాబోయేవాటి వరుస చెప్పాలి. తేదీ మాత్రం ముందున్న ఒక్క మెట్టుకే ఇవ్వాలి. ఏడాది పొడుగునా తేదీలు పరచడమంటే చేతిలో లేని ధాన్యానికి చీటీ రాసివ్వడమే. స్టీమ్ వాళ్ళు సైతం తయారీదారులకు ఇదే హెచ్చరిక చేస్తారు. భవిష్యత్తు గురించి కచ్చితమైన వాగ్దానాలు చెయ్యొద్దంటారు. అమ్మకాలు దాదాపు లేకపోయినా పని సాగించగలిగితేనే ఈ దారికి రమ్మంటారు.

ఈ తర్కం విశాఖ వాళ్ళకు కొత్త కాకూడదు. మా పెదనాన్న షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మా గోడమీది పటం చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో ట్రయల్స్ ఎక్కడున్నాయిరా?" ఆయన మాటల్లోనే చెబుతాను: "ఓడ నీళ్ళలోకి దిగిన్నాడు బేండు మేళం, కొబ్బరికాయలు, ఫొటోలు. మర్నాటి నుంచే మా అసలు పని మొదలయ్యేది."

1948 మార్చి 14న 'జల ఉష' ఇక్కడే నీళ్ళలోకి దిగింది. నెహ్రూగారు వచ్చారు. ఆ ఫొటో మనలో చాలామంది చూసే ఉంటారు. జలప్రవేశం చేసిన ఓడ తేలుతుంది, అంతే. ఆ తరువాత దాన్ని జెట్టీకి కట్టి యంత్రాలు, పైపులు, వైర్లు, కేబిన్లు అమర్చాలి. సముద్రంలోకి తీసుకెళ్ళి పరీక్షించాలి. కొనేవాడి మనుషులు ఆ పరీక్షల్లో కూడా ఉండి లోపాలు రాసుకుంటారు. అవి సరిదిద్దాకనే అప్పగింత. జలప్రవేశానికీ అప్పగింతకూ తేడా ఊళ్ళో అందరికీ తెలుసు గనుక ఎవరూ మోసపోరు. సగం ఆట కొన్నవాడు ఓడ పరీక్షల్లో పాల్గొనే మనిషి. అతణ్ణి ప్రయాణికుడని పిలిచి టికెట్టు అమ్మితేనే తగాదా.

ఉక్కు ఫ్యాక్టరీ కథ ఇంకా చేదు. 1966లో ఉద్యమం, ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరిలో శంకుస్థాపన. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పని మొదలుపెట్టింది 1990లో. జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. మధ్యలో నిధులు చాలక ప్రణాళికను సవరించి కుదించారు కూడా. భూములిచ్చిన కుటుంబాలు ఆర్ కార్డు పెట్టెలో దాచుకుని ఉద్యోగంకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశాయి. మూడువందల రూపాయల ఆటకూ దానికీ పోలికేమిటంటారా? నిజమే, పోలిక పెద్దదే. కాని ముందుగా ఇచ్చినవాడికి ఎవరూ వచ్చి ఏ సంగతీ చెప్పకపోతే ఎలా ఉంటుందో గాజువాక, కూర్మన్నపాలెం వైపునుంచి వచ్చే మిత్రులకు నేను వివరించనక్కరలేదు.

ఆటల లోకంలోనూ అటువంటివి జరిగాయి. అమెరికాలో డబుల్ ఫైన్ అనే పేరున్న సంస్థ 'స్పేస్‌బేస్ డీఎఫ్-9' అనే ఆటను 2013లో సగంలో అమ్మకానికి పెట్టింది. రాబోయే అంశాల జాబితా చాంతాడంత. అమ్మకాలు ఖర్చుకు చాలలేదు. 2014లో జాబితాలో చాలా భాగం అలాగే ఉండగా 1.0 అని ముగించేశారు. కొన్నవాళ్ళ కోపం సహజం. దీనికి విరుద్ధంగా 'హేడిస్' అనే ఆటను చూడండి. 2018 డిసెంబరులో సగంలో వచ్చి 2020 సెప్టెంబరులో పూర్తయింది. ఆట తెరవగానే తరువాతి పెద్ద మార్పు ఎప్పుడో కనిపించేది. ఆ ఒక్కదానికే గడువు! 'బాల్డర్స్ గేట్ 3' వాళ్ళు మొదటి అంకం మాత్రమే 2020లో అమ్మి, 2023 ఆగస్టుదాకా దాదాపు మూడేళ్ళు తీసుకున్నారు. వాళ్ళ వెనక వందలమంది ఉన్నారు, మా వెనక ఇంటి యజమాని ఉన్నాడు.

డబ్బు లెక్కకూడా చెప్పుకోవాలి కదా. ఆట మూడువందలకు అమ్మితే దుకాణంవాడి వాటా 30 శాతం. చేతికి 210, పన్నులు కాక. మా నలుగురికీ అద్దె, తిండి, కరెంటు కలిపి నెలకు నలభైవేలు అనుకోండి. ప్రతి నెలా సుమారు 190 కాపీలు పోవాలి. మొదటి నెల స్నేహితులు, బంధువులు కొంటారు. రెండో నెల? పైగా కొన్న పద్నాలుగు రోజుల్లో, రెండు గంటలకు మించి ఆడకపోతే కొన్నవాడు డబ్బు వాపసు అడగొచ్చు. కాబట్టి 'అమ్మి, ఆ డబ్బుతో పూర్తిచేద్దాం' అనే పథకం మీద మొత్తం భారం వెయ్యడం నాకు సమ్మతం కాదు. రెండో భాగం పూర్తయ్యేదాకా నడవడానికి డబ్బు చేతిలో ఉన్నప్పుడే మొదటిది అమ్మాలి. మా వాళ్ళలో ఒకడు రెండేళ్ళు ఉద్యోగం చేసి కూడబెట్టుకొస్తానంటున్నాడు. వెళ్ళినవాడు తిరిగొస్తాడా అని మిగతావాళ్ళ అనుమానం. నాకూ ఉంది.

పూర్తి విడుదల అంటే కొత్త హంగులు చేర్చడమనే భ్రమ కూడా ఒకటుంది. నిజానికి ఆ దారిలో ఎక్కువ భాగం కనపడని పని. మార్పు చేసిన ప్రతిసారీ ఆటగాడు దాచుకున్న పాత ఆట చెడిపోకూడదు. పాత లాప్‌టాప్‌మీద ఆగిపోకూడదు. తెలుగు అక్షరాలున్నాయి చూడండి, వాటి తంటా వేరు. కొన్ని గేమ్ ఇంజన్లలో వత్తులు విడిపోయి గుణింతం పక్కకు జరుగుతుంది. 'స్త్రీ' అని రాస్తే తెరమీద ఏ భాషో తెలియదు. తెలుగు చివర్లో చేర్చుకుందాంలే అనుకున్నవాడికి చివర్లో తెలుగు ఉండదు. అందుకే మా వరుసలో తుఫానుకంటే ముందు తెలుగు పెట్టమని పోట్లాడి గెలిచాను.

మన కళాశాల అలవాటు ఒకటి దీనికి అడ్డం. ఫైనలియర్ ప్రాజెక్టు వైవాతో చచ్చిపోతుంది. నల్ల అట్ట, బంగారు అక్షరాల బైండింగు, లైబ్రరీలో బీరువా. తరువాత దాన్ని వాడేవాడూ లేడు, తప్పు పట్టేవాడూ లేడు. మార్కులొచ్చాక ఆరునెలలు ఒక వస్తువును బాగుచేస్తూ కూర్చోవడం మనకెవరూ నేర్పలేదు. లెక్చరర్లకు నా మనవి: వైవా అయిన మరుసటి సెమిస్టరులో జూనియర్ల చేత ఆ ప్రాజెక్టులు వాడించండి. వాళ్ళు రాసిచ్చిన లోపాల చిట్టా చూసి, వాటిని సరిదిద్దినవాళ్ళకు ఇంకో పది మార్కులు వెయ్యండి. మా ఆటకు మొదటి పరీక్షకులు దొరుకుతారనే స్వార్థం ఇందులో లేకపోలేదు.

మా గోడమీది పటం ఇప్పుడు మారింది. నెలల పేర్లు కొట్టేశాం. 'ఇవాళ ఉన్నది' అన్న గడిలో హార్బరు, మూడు గంటల ఆట. 'తరువాతిది' అన్న గడిలో భీమిలి దారి, దానికి మాత్రం తేదీ. 'ఆపైన' అన్నచోట తెలుగు, తుఫాను. ఇద్దరు కలిసి ఆడే ఏర్పాటు తీసేశాం. అడుగున ఒక వాక్యం నేను చేర్చాను: డబ్బు అయిపోతే, చివరి నెల ఖర్చు విడిగా ఉంచుకుని, ఉన్న భాగాలకు సరైన ముగింపు రాసి, ఆ సంగతి చెప్పి ఆపుతాం. ఈ వాక్యం అమ్మకపు పేజీలో కూడా పెట్టాలని నేనంటాను. అది చదివితే ఎవడూ కొనడని బొమ్మల మిత్రుడి వాదన. రెండు వారాలుగా ఇద్దరం దీనిమీదే ఉన్నాం.