ఇల్లూ వాకిలీ: ఎనిమిది కొమ్ముల పెట్టె

రుద్రూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్ల మీద వున్నది. ఆమె మాటల్లోనే వినండి:

"అమ్మా, మా ఇంట్ల కొత్తగా ఫైబర్ పెట్టించినం. సెకనుకు వెయ్యి మెగాబిట్లు అన్నరు. ముందటి అర్రల ఫోను మంచిగనే వస్తది. లోపలి అర్రల మా అత్తమ్మ మంచం, ఆమె లేవలేదు. మా ఆయన కువైట్‌ల పని చేస్తడు. శుక్రవారం సెలవు. ఆనాడు కొడుకు మొఖం చూడాలని అత్తమ్మ పొద్దటి సంది ఎదురుచూస్తది. మాట నడుమ బొమ్మ ఆగిపోతది. బోధన్‌ల దుకాణం ఆయన ఇరవై రెండు వేలు పెట్టి ఎనిమిది కొమ్ముల రౌటర్ కొనుమన్నడు. ఈ నెల వచ్చిన పైసలల్ల అది తీస్తే బిడ్డ కాలేజీ ఫీజు ఆగుతది. కొనాల్నా?"

కొనకండి. కనీసం వచ్చే శుక్రవారం దాకా కొనకండి.

మీది నిజాంసాగర్ కాలువ నేల. 1923లో మొదలుపెట్టి 1931లో మంజీర మీద ఆ ఆనకట్ట పూర్తిచేశారు. ఆ నీటితోనే మీ చుట్టుపక్కల చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో పంచదార ఫ్యాక్టరీ వెలిసి, 2015లో మూతబడే దాకా ఆ చెరకుని గానుగాడింది. కాలువ సంగతి మీకు నేను చెప్పాలా! పెద్ద కాలువ నిండుగా పారుతున్నా, తూము దగ్గర ఒక రాయి అడ్డుపడితే మడి ఎండుతుంది. అప్పుడు రైతు పెద్ద కాలువను వెడల్పు చేయించమని అర్జీ పెట్టడు. గట్టు వెంబడి నడిచి, నీరు ఎంతవరకు వచ్చిందో చూస్తాడు. మీరు చేయవలసిందీ అదే.

మొదట, మీ అమ్మాయికి ల్యాప్‌టాప్ వుంటే దానిని తీగతో పెట్టెకు కలిపి వేగం కొలవమనండి. తొమ్మిది వందలు దాటిందా, కంపెనీ మాట నిలబెట్టుకున్నట్టే. తొంభై అయిదు దగ్గర ఆగిందా, కలిపిన తీగైనా, ఆ తీగ దూరే రంధ్రమైనా నూరు మెగాబిట్ల పాతరకమన్న మాట. తీగ మీద క్యాట్ 5ఈ అనో, క్యాట్ 6 అనో అచ్చువేసి వుండాలి. రెండవది, ఫోనుతో పెట్టె పక్కనే నిలబడి కొలవండి. మూడవది, అత్తమ్మగారి మంచం దగ్గర కూర్చుని కొలవండి. మూడు అంకెలూ కాగితం మీద వేసుకోండి.

ఇంకొక పరీక్ష కూడా వున్నది. దీన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు. ఆ మంచం మీది నుంచే హైదరాబాదులో వున్న మీ చుట్టాలకెవరికైనా వీడియో కాల్ చేయండి. బొమ్మ ఆగకుండా వచ్చిందనుకోండి, మీ ఇంట్లో ఏ లోపమూ లేదు. పదిమంది ఒకే కనెక్షను వాడుకునే కువైట్ గదిలో ఇబ్బంది వుండివుంటుంది. ఇక్కడ ఇరవై రెండు వేలు కాదు, రెండు లక్షలు పోసినా ఆ గదిలో వేగం పెరగదు గదా!

అసలు ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవడానికి మూడు నాలుగు మెగాబిట్లు చాలు. మీకు వెయ్యి వున్నాయి. అందుచేత కొరత వేగానిది కాదు, గోడది అని నా అనుమానం. వైఫై రెండు దారుల్లో నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ దారి వేగమైనది గాని సుకుమారం. మందపాటి గోడ తగిలితే నీరసించిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దారి నిదానం, కాని గోడలను కొంత ఓర్చుకుంటుంది. ఫోనులో వైఫై పేర్లు రెండు కనిపిస్తూ వుంటే లోపలి అర్రలో ఆ నిదానమైనదానిని ఎంచుకోండి. దానికి కానీ ఖర్చు లేదు.

తరవాత పెట్టె ఎక్కడ వున్నదో చూడండి. బిగించడానికి వచ్చిన కుర్రవాడు తీగ ఏ కిటికీలో నుంచి దూరితే అక్కడే వదిలిపోతాడు. మనం దానిని టి.వి. వెనక దాచి, పక్కన ఇనుప బీరువా నిలబెడతాం. (మా ఇంట్లో ఏడాదిపాటు బియ్యం డబ్బా వెనక వుండేది; ఎవరిని తిట్టాలో తెలియక కంపెనీని తిట్టేవాళ్ళం.) ఇంటి నడుమ, తలెత్తు బల్ల మీద, ఎదురుగా ఇనుము లేకుండా వుండాలి. అయితే సన్నటి ఫైబర్ తీగను మాత్రం మీరు లాగి వంచకండి. లోపలిది గాజు పోగు. మరీ వంచితే వెలుగు కారిపోతుంది. దాని కొసలోకి తొంగిచూడటం అసలే వద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు గాని కంటికి మంచిది కాదు.

ఇంత చేసినా మంచం దగ్గర అంకె లేవకపోతే, అప్పుడు కొనండి. మొదటి పెట్టె నుంచి లోపలి అర్రకు క్యాట్ 6 తీగ లాగించి, దాని కొసన చిన్న రౌటర్‌ను 'యాక్సెస్ పాయింట్'గా పెట్టించండి. తీగ నూరు మీటర్ల వరకు వెయ్యి మెగాబిట్లనూ మోస్తుంది. తీగ లేకుండా గోడకు గుచ్చే రిపీటర్ చవక. కాని చవక రకాలు ఒకే దారిలో వినడమూ, తిరిగి చెప్పడమూ చేస్తాయి గనుక వేగం సగానికి పడిపోతుంది. మీ వీడియో కాల్‌కు ఆ సగమూ చాలునేమో, పెట్టి చూడండి.

రౌటర్ కొనేవేళ అడగవలసినవి: వైఫై 6 రకమేనా, రెండు దారులూ వున్నాయా, రంధ్రాలన్నీ గిగాబిట్‌వేనా. మూడు నాలుగు వేలలో ఇటువంటివి దొరుకుతాయి. కొమ్ములు లెక్కపెట్టకండి, మీ ఫోనులో మామూలుగా వుండేవి రెండే. అట్ట మీద 5400 అని వేస్తారే, అది రెండు దారుల కాగితపు లెక్కలను కూడిన మొత్తం. ఏ ఒక్క ఫోనుకూ అంత అందదు. వైఫై 7కు 2024 నుంచి ధ్రువీకరణ ముద్ర ఇస్తున్నారు; మంచిదే, కాని ఫోను కూడా ఆ రకానిదై వుంటేనే దాని ఫలితం. పోతే, కరెంటు పోయినప్పుడు రెండు పెట్టెలనూ నిలబెట్టే చిన్న యు.పి.ఎస్. ఒకటి తీసుకోండి. పెట్టెల అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకునే కొనాలి సుమా.

ఇంతకూ, ముగ్గురున్న ఇంటికి వెయ్యి మెగాబిట్ల పథకం ఎవరు అంటగట్టారమ్మా? నూరు మెగాబిట్లకు దిగండి. నెలనెలా మిగిలేది అమ్మాయి ఫీజులో వేయండి.

మూడు అంకెలూ రాసి పంపండి. అత్తమ్మగారి మంచానికీ పెట్టెకూ మధ్య గోడలెన్నో, అవి మట్టివో రాతివో కూడా రాయండి.