‘వాడికీ నాకూ పడదు’

వైజ్ఞానిక ప్రదర్శన రోజులు దగ్గరపడ్డాయంటే ప్రతి పాఠశాలలోనూ ఒక మాట వినిపిస్తుంది: “నన్ను వాడి జట్టులో వేయకండి మేష్టారూ! వాడికీ నాకూ పడదు.” ఎందుకు పడదో అడిగి చూడండి. ఒకడు లెక్కలన్నీ కాగితం మీద తేలితేగాని తీగ ముట్టుకోడు. ఇంకొకడు ముందు తీగలు కలిపేసి, బల్బు వెలగకపోతే అప్పుడు ఆలోచిస్తాడు. ఒక అమ్మాయి అడిగితేగాని నోరు విప్పదు. మరొక అమ్మాయికి పైకి మాట్లాడితేగాని ఆలోచన సాగదు. ఇవన్నీ చూసి మేష్టారు “స్వభావాలు కలవలేదు” అని జట్లు మార్చేస్తారు. కొత్త జట్టులో నాలుగు రోజులకే మళ్ళీ అదే గొడవ బయలుదేరుతుంది. అది వేరే సంగతి.

స్వభావాలు కలవనందువల్లనే పని చెడిందనే మాట నాకు పూర్తిగా నచ్చదు. పెద్దవాళ్ళ కార్యాలయాల్లోనూ ఈ మాటే వింటాం. అందులో నిజమెంతో తేల్చుకోవడానికి సైన్సు చరిత్రలో బాగా పేరుపడ్డ ఒక తగవును చూద్దాం.

తల్లిదండ్రుల లక్షణాలను పిల్లలకు చేరవేసే పదార్థం డి.ఎన్.ఏ. అని మీరు చదువుకునే ఉంటారు. దాని ఆకారమేమిటో 1950 నాటికి ఎవరికీ తెలియదు. సన్నని డి.ఎన్.ఏ. పోగు గుండా ఎక్స్-కిరణాలను పంపితే అవి చెదరి, అవతలి ఫిల్ము మీద మచ్చలుగా పడతాయి. ఆ మచ్చల అమరికను బట్టి లెక్కకట్టి లోపలి అమరికను ఊహించాలి. లండనులోని కింగ్స్ కాలేజీలో మారిస్ విల్కిన్స్ ఈ పని మొదలుపెట్టాడు. 1951 జనవరిలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అదే ప్రయోగశాలలో చేరింది. ఎక్స్-కిరణాలతో బొగ్గు నిర్మాణాన్ని పరిశీలించి పేరు తెచ్చుకున్న శాస్త్రజ్ఞురాలామె.

ఆమె అంతకుముందు పారిస్‌లో పనిచేసింది. అక్కడి ప్రయోగశాలలో వాదనలు జోరుగా సాగేవి. ఎదుటివారి ఆలోచనలో లోపముంటే ముఖం మీదే చెప్పడం, తిరిగి చెప్పించుకోవడం, ఆ పైన అందరూ కలిసి భోజనానికి పోవడం అక్కడ మామూలు. విల్కిన్స్ సిగ్గరి, మెతక మనిషి. మాట్లాడేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునే అలవాటుండేది. ఎవరైనా గట్టిగా వాదిస్తే బదులు చెప్పకుండా తప్పుకునేవాడు. ఆమెకు అది పిరికితనంగా తోచి ఉంటుంది. ఆమె ధోరణి ఆయనకు కయ్యంగా తోచి ఉంటుంది. కొన్ని నెలలు తిరిగేసరికి ఇద్దరి మధ్యా మాటలే కరువయ్యాయి.

ఇంతవరకు చెప్పి ఆపితే “చూశారా, స్వభావాలు!” అనవచ్చు. చాలా పుస్తకాలు ఇక్కడే ఆగుతాయి కూడా. కాని ఇంకో సంగతి ఉంది. ప్రయోగశాల అధిపతి జాన్ రాండల్ 1950 డిసెంబరులో ఫ్రాంక్లిన్‌కు ఒక ఉత్తరం రాశాడు. డి.ఎన్.ఏ. మీద ఎక్స్-కిరణాల పనిని ఆమె, రేమండ్ గోస్లింగ్ అనే పరిశోధక విద్యార్థి, వీరిద్దరే చూసుకుంటారని అందులోని సారాంశం. విల్కిన్స్‌కు ఈ మాట చెప్పలేదు. ఆమె చేరిన రోజుల్లో ఆయన సెలవులో ఉన్నాడు. తిరిగివచ్చాక, తన పనిలో సాయానికి మనిషి వచ్చిందనుకున్నాడు. ఆమె మాత్రం ఆ పని తనదేననుకుంది. ఆమె తప్పేముంది? ఉత్తరం చేతిలోనే ఉందాయె! ఒకే బల్లను ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఆ ఇద్దరూ కలహించుకుంటే గుణం మంచిది కాదనడం ఎంతవరకు న్యాయం?

ఇదే కాలంలో కేంబ్రిడ్జిలో మరో జంట ఉంది. ఫ్రాన్సిస్ క్రిక్ భౌతికశాస్త్రం చదివినవాడు. వయస్సు 35 వచ్చినా డాక్టరేటు ఇంకా చేతికి రాలేదు. గొంతూ పెద్దదే, నవ్వూ పెద్దదే. జేమ్స్ వాట్సన్ అమెరికా నుంచి వచ్చిన 23 ఏళ్ళ జీవశాస్త్రజ్ఞుడు. వీళ్ళ మాటల హోరుకు మిగతావారి పని సాగక, ఇద్దరికీ కలిపి ఒక గది ఇచ్చేశారు! ఒకరి ఊహను మరొకరు నిర్దాక్షిణ్యంగా కొట్టిపారేసేవారు, దానికి కోపం తెచ్చుకునేవారు కారు. 1951లో వీరు కట్టిన మొదటి నమూనా పూర్తిగా తప్పు. లండను నుంచి వచ్చి చూసినవారిలో ఫ్రాంక్లిన్ కూడా ఉంది. అణువులో ఉండవలసిన నీటి లెక్కే తప్పిందని ఆమె చూపించింది. ఆమె కోరే రకం వాదన నడుస్తున్నది, పాపం, ఈ పోటీవాళ్ళ గదిలో.

1952 మేలో ఫ్రాంక్లిన్, గోస్లింగ్ 60 గంటలకు పైగా కిరణాలను పంపి ఒక చక్కని ఫోటో తీశారు. 51వ ఫోటోగా అది ప్రసిద్ధి కెక్కింది. మధ్యలో గుణకారపు గుర్తులాంటి మచ్చల వరుస. మెలితిరిగిన ఆకారానికి అది గుర్తు. 1953 జనవరి చివర విల్కిన్స్ ఆ ఫోటోను ఆమెకు తెలియకుండా వాట్సన్‌కు చూపించాడు. ఫిబ్రవరి చివరికి కేంబ్రిడ్జి జంట జంటమెలిక ఆకారాన్ని తేల్చింది. ఒకే ప్రయోగశాలలో ఉన్న ఇద్దరు మాట్లాడుకోనందున, ఒకరి కష్టం మరొకరి చేతి మీదుగా మూడోవారికి చేరింది. 1962లో క్రిక్, వాట్సన్, విల్కిన్స్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఫ్రాంక్లిన్ 1958లోనే, 37వ ఏట, కాన్సర్‌తో మరణించింది.

మరి ఆమె ఎవరితోనూ పనిచేయలేని మనిషా? 1953లోనే ఆమె లండనులోని బిర్క్‌బెక్ కాలేజీకి మారింది. పొగాకు ఆకులకు తెగులు తెచ్చే వైరస్ నిర్మాణం మీద ఆరన్ క్లూగ్‌తోనూ, మరికొందరు యువకులతోనూ చివరిదాకా హాయిగా పనిచేసింది. క్లూగ్‌కు 1982లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. చోటు మారింది, ఎవరి పని ఏదో స్పష్టంగా ఉంది. ఆమె కచ్చితపు మాట మాత్రం మారలేదు.

అందుకే మనుషులకు ముద్రలు వేసే పద్ధతి మీద నాకు అనుమానం. ఇది పాత సరదాయే. రోము కాలపు వైద్యుడు గాలెన్ శరీరంలోని నాలుగు ద్రవాలను బట్టి స్వభావాలను చెప్పాడు. 1928లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు విలియం మార్‌స్టన్ ప్రవర్తనను నాలుగు తీరులుగా విడదీశాడు. దాని మీద తయారైన ప్రశ్నపత్రాలు నేటికీ కంపెనీల్లో ఉద్యోగులకు ఇస్తున్నారు. “నువ్వు ఫలానా రకం” అని చెప్పించుకోవడం ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. కాని నేటి మనస్తత్వశాస్త్రజ్ఞులలో చాలామంది స్వభావాన్ని గళ్ళుగా విడదీయరు. ఎత్తు కొలిచినట్లు కొలుస్తారు. పొడుగువాళ్ళు, పొట్టివాళ్ళు అని రెండే గుంపులుంటాయా? ఎక్కువమంది మధ్యలో ఉంటారు. మాటకారితనమూ అంతే. పైగా ఇంట్లో గలగలలాడేవాడు తరగతిలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడం మీరు చూడలేదూ?

రకాల పేర్లు నేర్చుకునే బదులు, జట్టులోని మనిషి పని ఎట్లా చేస్తాడో అతన్నే అడగవచ్చు. ఇంగ్లండు గణితశాస్త్రజ్ఞులు హార్డీ, లిటిల్‌వుడ్ సుమారు 35 ఏళ్ళు కలిసి పనిచేసి వంద దాకా పరిశోధన వ్యాసాలు రాశారు. ఎక్కువగా ఉత్తరాల మీదే నడిపారు. వారు పెట్టుకున్న నాలుగు షరతులను డెన్మార్కు గణితశాస్త్రజ్ఞుడు హరాల్డ్ బోర్ లోకానికి చెప్పాడు. ఉత్తరంలో రాసింది తప్పయినా పరవాలేదు. వచ్చిన ఉత్తరానికి జవాబు రాయనక్కరలేదు, చదవకపోయినా అడగరాదు. ఇద్దరూ ఒకే వివరం మీద తలలు బద్దలుకొట్టుకోకపోతే మేలు. వ్యాసంలో ఒకరి పాలు ఏమీ లేకపోయినా ఇద్దరి పేర్లూ ఉండాలి.

రెండో షరతు మీ జట్టుకు పనికిరాదు. ప్రదర్శన వచ్చే సోమవారమైతే జవాబు చెప్పి తీరాలి! మొదటిదీ మూడోదీ మాత్రం తీగ ముట్టుకోకముందే మాట్లాడుకోండి. తప్పు కనబడితే అప్పటికప్పుడు చెప్పాలా, సాయంత్రం విడిగా చెప్పాలా? లెక్కలు ఎవరివి, బిగింపు ఎవరిది? సగం పనిని పక్క జట్టుకు చూపించవచ్చునా? పది నిమిషాల్లో తేలే సంగతులివి. నాలుగోదే అసలు చిక్కు. బహుమతి పత్రం మీద ఎవరి పేరు ముందుండాలనే దగ్గర ఎంత స్నేహమైనా కాస్త బెసుకుతుంది. ఆ పేర్లు అక్షరక్రమంలో రాస్తారా, మరోలా రాస్తారా అన్నది మేష్టారిని మొదటిరోజే అడిగేయండి.