పేరు లిస్టుల, మనిషి సౌదిల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికన్న పోండ్రి, గల్ఫుకు మనిషిని పంపని ఇల్లు దేవులాడాలె. ఇరువై ఏండ్లు సౌదిల సిమెంటు మోసినా మనోడు ఆ దేశపోడు కాడు. అకామా ఉన్నన్ని దినాలే లెక్క, అయిపోతే ఖల్లివెల్లి.

గల్ఫు దేశాలు ఆరు కలిసి 1981ల జీసీసీ అని కూటమి కట్టుకున్నయి. సౌది పౌరుడు కువైటుకు పోయి నౌకరి చేసుకోవచ్చు. గా హక్కు మనోనికి లేదు. సరిహద్దు దాటితే మళ్ల కొత్త వీసా, కొత్త కఫీలు, కొత్త అప్పు. యూరప్ల ఇంకో మెట్టు పైకి పోయిండ్రు. 1993 నుంచి యూరోపియన్ యూనియన్ పౌరసత్వమే ఉన్నది. జర్మనీ పాస్‌పోర్టు ఉంటె ఇయ్యాల 27 దేశాలల్ల యాడనన్న బతకొచ్చు, ఉన్న ఊర్ల స్థానిక ఎన్నికలకు ఓటు గూడ వెయ్యొచ్చు.

జర్మనీ పాస్‌పోర్టు అంటే మనకు వేములవాడ యాదికొస్తది. చెన్నమనేని రమేశ్ అక్కడ 2009 నుంచి నాలుగుసార్లు గెలిచిండు. ఆయన జర్మన్ పౌరుడేనని 2024 డిసెంబర్ల హైకోర్టు తేల్చింది, 30 లక్షలు ఖర్చుల కింద కట్టుమన్నది. తీర్పు మీద నాకు పేచీ లేదు. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, గంతే. ఏండ్లకేండ్లు టీవీలల్ల గదే ముచ్చట నడిచింది.

రెండో కాయితమే లేనోని ముచ్చట మాత్రం ఎవలూ ఎత్తలే. గల్ఫు కార్మికుడు నూటికి నూరుపాళ్లు భారత పౌరుడే. 2010ల చట్టం మార్చి ఎన్నారైలకు ఓటు ఇచ్చిండ్రు గని, పోలింగు నాడు బూతు కాడ సొంతంగ నిలవడాలె. సెలవు దొరకాలె, విమానం టికెట్టు కొనాలె. ఒక్క ఓటుకు ఎన్ని నెలల జీతం పెట్టాలె? వేరేటోళ్లతోని ఓటు వేయించుకునే బిల్లు 2018ల లోక్‌సభ దాటింది, రాజ్యసభల ఆగి 2019ల మురిగిపోయింది. ఎంబసీల ద్వార పోస్టల్ ఓటు ఇద్దామని ఎన్నికల సంఘం 2020ల చెప్పింది. అది గూడ కాయితం మీదనే ఉన్నది. సరిహద్దుల సైనికునికి పోస్టల్ ఓటు ఉన్నప్పుడు, ఊరికి పైసలు పంపేటోనికి ఎందుకు లేదు?

గల్ఫుల సచ్చిపోతే 5 లక్షలు ఇస్తమని రాష్ట్ర సర్కారు చెప్పింది. మంచిదే, గది అడిగి తెచ్చుకున్నది. ఓటు గూడ గట్లనే గట్టిగ అడగాలె.

మా వాడకట్టు తమ్ముడొకడు పోయిన ఎన్నికలప్పుడు సౌది నుంచి వీడియో కాల్ చేసిండు. "అన్నా, లైను ఎంతుంది?" అన్నడు. ఫోన్ తిప్పి చూపెట్టిన. లిస్టుల వాని పేరు నా పేరు కిందనే ఉన్నది.